మెరుగు పెట్టిన పాత .315 తూటాలు అంటగడుతున్నారు, లైసెన్సుదారులు జాగ్రత్త

విజయవాడ, గుంటూరు వైపు తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లకు .315 రైఫిల్ తూటాలు చవగ్గా ఇప్పిస్తామని కొందరు మధ్యవర్తులు తిరుగుతున్నారు. ఫ్యాక్టరీ సరుకే, డబ్బా మాత్రం పాతదంటారు. చేతికొచ్చేది ఒకసారి పేలిన ఖాళీ కేసులో (తూటా ఇత్తడి గొట్టం) కొత్త క్యాప్ (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు బిళ్ల) కొట్టి, మందు పోసి, గుండు బిగించిన రీఫిల్. అడుగున పుణెలోని కిర్కీ తూటాల ఫ్యాక్టరీ ముద్ర కె.ఎఫ్. ఉందని మోసపోకండి. కేసు ఎక్కడ తయారైందో ముద్ర చెబుతుంది గానీ, లోపల మందు ఎవరు పోశారో చెప్పదు.

ముందు రంగు చూడండి. పండక్కి చింతపండు పెట్టి తోమిన బిందెలా తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే. కేసు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపులో ఎక్కువసేపు నానితే జింకు పోయి రాగి మిగులుతుంది, అక్కడ గులాబీ మచ్చలు తేలతాయి. ఆ చోట బలం ఉండదు. అమ్మోనియా కలిసిన పాలిష్ ఇంకా చేటు, గుండును పట్టుకునే కేసు మెడ నిలువునా చీలుతుంది. బ్రిటిషు వాళ్ల కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వానాకాలంలో ఇలాగే చీలేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది. మెడ మీద టార్చి ఏటవాలుగా వేసి భూతద్దంతో చూడండి. వెంట్రుకంత గీత ఉన్నా వద్దనండి. గుండు వేళ్లతో తిప్పితే తిరిగిందంటే మెడ పట్టు వదిలేసినట్టే.

అసలు ప్రమాదం అడుగు దగ్గర. అంచుకు కాస్త పైన కేసు చుట్టూ మెరిసే వలయం కనిపిస్తే, కేసు సాగి లోపల గోడ పల్చబడిందన్నమాట. ఈసారి అక్కడే రెండు ముక్కలవుతుంది. ముందు ముక్క చాంబర్‌లో (తూటా కూర్చునే చోటు) ఇరుక్కుంటుంది, వేడి గ్యాస్ బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) మీదుగా కంటివైపు తంతుంది. క్యాప్ అడుగు కంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి పొడుచుకొస్తే బోల్ట్ మూసేటప్పుడే పేలొచ్చు.

తూకం వేసి చూశాం, అన్నీ సమానమే అని కొందరు ధీమాగా ఉంటారు. కేసు, గుండు బరువుల్లో ఉండే తేడాలోనే మందు తేడా దాక్కుంటుంది. చప్పుడు బలహీనంగా వస్తే అక్కడితో ఆపేయండి. గుండు బ్యారెల్‌లో ఆగిపోయి ఉండొచ్చు, వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ చిట్లుతుంది. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే మూతిని సురక్షితమైన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాకే బోల్ట్ తెరవండి. పాత మిలటరీ క్యాపులు పొటాషియం క్లోరైడ్ ఉప్పును వదులుతాయి. అది నూనెకు కరగదు, నీళ్లతో కడగకపోతే మన తేమకు బ్యారెల్ తుప్పెక్కుతుంది.

చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తూటాల తయారీకీ అమ్మకానికీ వేరే లైసెన్సు ఉండాలి, మీ సొంత తుపాకీ లైసెన్సు దానికి చెల్లదు. ఖాళీ కేసులకు సెక్షన్ 45లో ఉన్న మినహాయింపు మళ్లీ నింపే ఉద్దేశంతో పెట్టుకున్నవాటికి వర్తించదు. వేట పేరు చెప్పి అమ్ముతుంటే మరీ దూరంగా ఉండండి, 1972 వన్యప్రాణి చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది.

కొంటే లైసెన్సు డీలర్ దగ్గరే కొనండి. సీలున్న పెట్టె మీద లాట్ నంబరు చూసి, బిల్లు తీసుకుని, లైసెన్సు పుస్తకంలో ఎంట్రీ వేయించుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లు వాటిని విప్పొద్దు, బందరు కాలువలో పారేయొద్దు. ముందు వకీలుతో మాట్లాడి, రాతపూర్వకంగా పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.