కొండకు టెంపో ట్రావెలరా, కోటకు క్యారవానా: బెంగళూరు మిత్రబృందాలకు ఏది మేలు?

పుట్టినరోజునో కొత్త సంవత్సరాన్నో హోటలు గదిలో కాకుండా కొండ కిందో నది ఒడ్డునో జరుపుకోవాలనుకునే బెంగళూరు తెలుగు మిత్రబృందాలకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. పడకలు, వంటగట్టు, మరుగుదొడ్డి అమర్చిన క్యారవాన్‌ను బాడుగకు తీసుకోవడం ఒకటి. టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని, చేరిన చోట గుడారాలు వేసుకోవడమో హోమ్‌స్టేలో దిగడమో రెండవది. చాలామంది ముందుగా బాడుగ లెక్కలు వేస్తారు గాని, మొదట తేల్చుకోవలసింది ఆ బండి రాత్రిపూట ఎక్కడ ఆగగలదన్న విషయమని నా అభిప్రాయం. అది తేలితే ఏ దిక్కుకు ఏ బండి అన్నది దాదాపు తేలినట్టే.

పడమటి కనుమల వైపు నడకకు వెళ్లేవారికి క్యారవాన్ వల్ల ఒరిగేది తక్కువ. కుద్రేముఖ శిఖరాన్నే తీసుకోండి. హాసన్, బేలూరు, మూడిగెరె మీదుగా కళస ప్రాంతానికి చేరిన తరువాత, బాళిగె నుంచి ముళ్ళోడి దాకా ఉన్న మట్టిదారిలో పెద్ద బండ్లు పోలేవు కనుక అక్కడి జీపుల్లోనే వెళ్లాలి. సుమారు 1,890 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరానికి పోయి రావడానికి రానుపోను 20 కిలోమీటర్లకు పైగా నడవాలి. అటవీశాఖ వద్ద ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి, రోజుకు ఇంతమందికేనన్న పరిమితి ఉంది, పైన రాత్రి బస చేయడానికి వీల్లేదు. అంటే అంత ఖర్చుపెట్టి తెచ్చిన పడకల బండి కింద ఊళ్లో ఖాళీగా నిలబడి ఉంటుంది. మనుషులేమో వేడినీళ్లు, రాత్రి భోజనం, తెల్లవారి ఫలహారం అన్నీ అమర్చిపెట్టే హోమ్‌స్టేలో ఉంటారు. అదే టెంపో ట్రావెలర్ అయితే శుక్రవారం రాత్రి మారతహళ్ళిలోనో నెలమంగలలోనో ఎక్కి, వెనక్కి వాలే సీట్లలో కునుకు తీసి, తెల్లవారేసరికి కొండల్లో దిగవచ్చు. పన్నెండు మంది కలిసి వెళితే బాడుగ కూడా తలా కొంచెమే పడుతుంది.

సొంత కార్లలో వెళ్లడం మూడవ దారి అనుకోవచ్చు గాని, నడక యాత్రలకు నేను దానిని సిఫారసు చేయను. రోజంతా కొండెక్కి దిగి కాళ్లు పీకుతున్న మనిషి, ఆ సాయంత్రమే ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగు పట్టుకోవడం ప్రమాదకరం. జీతం తీసుకునే డ్రైవర్ పగలంతా విశ్రాంతి తీసుకొని ఉంటాడు. అతనికి బాటాగా, అంటే దినభత్యంగా, ఇచ్చే ఆ కొద్ది డబ్బు, నా లెక్కలో, యాత్ర మొత్తం మీద అత్యంత సార్థకమైన ఖర్చు.

ఊటీ, వయనాడు దిక్కుగా వెళ్లేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. బందీపూర్ అడవి గుండా పోయే జాతీయ రహదారిపై రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాల రాకపోకలు నిషిద్ధం. అడవి మధ్యలో బండి ఆపి కాఫీ కాచుకోవడం పగటిపూట కూడా కూడని పని. ఎక్కడైనా ఆగవచ్చునన్నది క్యారవాన్‌కు ఉన్న ముఖ్యమైన ఆకర్షణ. అది అక్కడ చెల్లదు.

తూర్పు, ఉత్తర దిక్కుల్లో పరిస్థితి వేరు. బెంగళూరు నుంచి బాగేపల్లి, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లే దారిలో పడమటి కనుమలలో ఉన్నంత కఠినమైన ఘాట్ రోడ్లు ఎదురుకావు. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న ప్రవహించే ఆ లోయ అంచున సూర్యోదయం చూడాలంటే తెల్లవారకముందే అక్కడ ఉండాలి. బండిలోనే పడుకొని, లేచి, టీ కాచుకొని, రంగనాథస్వామి గుడి, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఒక్కొక్కటీ నెమ్మదిగా నడిచి చూసే సుఖం క్యారవాన్ ఇచ్చినట్టు మరేదీ ఇవ్వదు. మరునాడు బేలం గుహలు కూడా కలుపుకోవచ్చు. సుమారు 3.2 కిలోమీటర్ల పొడవున్న ఆ గుహల్లో సందర్శకులకు అనుమతి ఉన్నది దాదాపు సగం మేరకే అయినా, లోపలి ఉక్కకు తడిసి బయటికి వచ్చాక బండిలోనే ముఖం కడుక్కొని బట్టలు మార్చుకోగలగడం చిన్న సౌకర్యమేమీ కాదు. దారిలో ఉగ్గాని, బజ్జీ దొరికే రాయలసీమ ఊళ్లు తగులుతుంటే వంటపని కూడా తగ్గుతుంది. అయితే లోయ అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి కనుక, పిల్లలను వెంట తీసుకెళ్లేవారు చీకట్లో వారిని బండి నుంచి ఒంటరిగా దిగనివ్వకూడదు. రాత్రికి బండి నిలిపే చోటును ముందే ఫోనులో మాట్లాడి ఖాయం చేసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా అక్కడ హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండలు రాత్రి కూడా వేడిని కక్కుతూనే ఉంటాయి.

ఆ వేడి ప్రస్తావనతోనే క్యారవాన్ లోపలి లెక్కలకు రావాలి, ఎందుకంటే చాలామంది ఆశాభంగం పొందేది అక్కడే. బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ రాత్రంతా నడవాలంటే బయటి నుంచి కరెంటు గాని, జనరేటరు గాని కావాలి. లోపలి బ్యాటరీ మామూలుగా దీపాలకు, ఫ్యాన్లకు, చిన్న ఫ్రిజ్‌కు సరిపోతుంది. నీటి సంగతీ అంతే. మనిషి స్నానానికి బకెట్టు నీళ్లు, అంటే 15 నుంచి 20 లీటర్లు, అనుకున్నా నలుగురి స్నానాలకే 80 లీటర్ల దాకా పోతాయి. కాబట్టి ట్యాంకు ఎంత, మళ్లీ ఎక్కడ నింపుకోవాలి అని అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మరుగుదొడ్డి తొట్టిని ఎక్కడ ఖాళీ చేస్తారో కూడా అడగండి. దానిని వాగులోనో చెరువు గట్టునో కుమ్మరించడం ఆ నీళ్లు తాగే ఊరివారికి చేసే ద్రోహం. డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడన్నదీ ముందే తేల్చుకోవాలి. సాధారణంగా నలుగురికి పడకలున్న బండిలో నలుగురు మిత్రులు ఎక్కితే, అతనికి ముందు సీటే మిగులుతుంది. రాత్రి నిద్రలేని మనిషి చేత మరునాడు మూడు వందల కిలోమీటర్లు నడిపించడం న్యాయమూ కాదు, క్షేమమూ కాదు. అతనికి గది తీసి ఇవ్వడాన్ని బడ్జెట్లోనే రాసుకోవాలి. బండి కదులుతున్నప్పుడు ఎవరూ పడకల మీద పడుకోకుండా, బెల్టు ఉన్న సీట్లలోనే కూర్చోవాలి.

వేడుక విషయంలో నా మొగ్గు గుడారాల వైపే. పదిమంది చుట్టూ కూర్చొని పాడుకోవాలంటే నేల కావాలి, అది ఎంత పెద్ద క్యారవాన్‌లోనూ దొరకదు. అనుమతి ఉన్న క్యాంపు స్థలంలో, వారే ఏర్పాటు చేసిన చోట మంట వేసుకొని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, మజ్జిగ మిరపకాయలతో మొదలుపెట్టి, అక్కడివారు వడ్డించే వేడి రాగిసంగటితో ముగించే విందుకు సాటి లేదు. అయితే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్నది దేశమంతటా ఉన్న నిబంధన కనుక, పాటలు గొంతుతోనే సాగాలి. చలిగా ఉందని బొగ్గుల కుంపటిని గుడారంలోకి గాని, తలుపులు మూసిన బండిలోకి గాని ఎన్నడూ తేవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రెండింటికీ కాగితాలు సరిచూడడం తప్పనిసరి. డ్రైవర్‌తో వచ్చే బాడుగ బండికి పసుపు పలకపై నల్ల అక్షరాలు, మనమే నడుపుకునే బాడుగ బండికి నల్ల పలకపై పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల పలక బండిని బాడుగకు ఇస్తామంటే, ఎంత చౌక అయినా వద్దనండి. సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లేటప్పుడు పర్మిట్ ఎవరు చూసుకుంటారో ముందే రాయించుకోండి. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది గాని, లైసెన్సు ఉన్నంత మాత్రాన అంత పొడవైన బండిని వెనక్కి తిప్పే చేయి రాదు.

కాబట్టి ఎనిమిది మందికి పైగా ఉండి, నడకే ముఖ్యమైతే టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులో చంటిపిల్లలో వెంట ఉండి, నలుగురికి మించకుండా గండికోట దిక్కుగా చలికాలంలో బయలుదేరితే, ఎక్కువ బాడుగ ఇచ్చి అయినా క్యారవాన్‌నే తీసుకోండి. రాత్రిపూట మరుగుదొడ్డి కోసం చీకట్లో నడవనక్కర్లేదన్న ధీమా ఒక్కటి చాలు, ఇల్లు కదలనంటున్న అమ్మమ్మ కూడా మీ వెంట వస్తుంది.