కోహో కాలం, పొగమంచు, ఒక రేడియో: ఐదు శరత్తుల తరువాత

పడవలో బిగించుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో ఎన్ని వాట్లదో, ఎంత తడికి తట్టుకుంటుందో కొనేవాళ్లందరికీ తెలిసిన సంగతులే కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచింది అందులోని ఒకే ఒక సదుపాయం గురించి. చుట్టుపక్కల తిరిగే ఓడలు తమ ఉనికి తెలిసేలా పంపే ఏఐఎస్ సంకేతాలను అందుకొని, అవి ఎక్కడున్నాయో, ఎటువైపు ఎంత వేగంతో పోతున్నాయో ఈ రేడియో అరచేతిలో పట్టేంత తెర మీద చూపిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్‌లో, ఎవరెట్ రేవు నుంచి, రాడార్ లేని 19 అడుగుల అల్యూమినియం పడవలో ఐదు శరదృతువుల పాటు కోహో సాల్మన్ చేపల కోసం తిరిగిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

ఇక్కడ కోహోకు అసలైన నెల సెప్టెంబరు. సముద్రంలో మేసి బలిసిన చేపలు స్నోహోమిష్ వంటి నదుల వైపు తిరుగుముఖం పట్టి, అడ్మిరల్టీ ఇన్‌లెట్ గుండా లోపలికి వచ్చి, పాయింట్ నో పాయింట్, పొసెషన్ బార్ దగ్గర ఎదురెదురు ప్రవాహాలు ఒరుసుకునే చోట గుమిగూడతాయి. తెల్లవారుతుండగా 30, 40 అడుగుల లోతులోనే గాలానికి తగిలే చేప పొద్దెక్కేకొద్దీ 80, 90 అడుగులకు దిగిపోతుంది కాబట్టి చీకటి విడిపోకముందే అక్కడికి చేరాలి. చిక్కేమిటంటే, మబ్బు లేని రాత్రి గడిచాక చల్లటి నీటి మీద పొగమంచు కమ్మేదీ సరిగ్గా ఆ వేళలోనే. ఒక్కొక్క రోజు అది మధ్యాహ్నం దాకా కదలదు. సియాటిల్, టకోమా రేవులకు పోయే కంటైనర్ ఓడలు, ఫెర్రీలు, బార్జీలనే బల్లపరుపు సరుకు పడవలను లాగే టగ్గులు మంచని ఆగవు. 18 నాట్ల వేగంతో వచ్చే ఓడ నియమం ప్రకారం రెండు నిమిషాలకొకసారి కూత వేసినా, ఒక కూతకూ మరో కూతకూ మధ్య కిలోమీటరుకు పైగా ముందుకు వచ్చేస్తుంది. గాలాలు ఈడ్చుకుంటూ నడిచే మనలాంటి పడవను సముద్ర నియమాలు చేపలు పట్టే నౌకగా లెక్కించవు. ఓడల దారిలో 20 మీటర్ల లోపు పడవ వాటికి అడ్డు రాకూడదనే నియమం కూడా ఉంది. అంటే తప్పుకోవలసింది ఎప్పుడూ మనమే.

రెండో సెప్టెంబరులో ఒక ఉదయం ఈ రేడియో నా మనసు పూర్తిగా గెలుచుకుంది. పాయింట్ నో పాయింట్‌కు తూర్పున, పడవ ముక్కు తప్ప ఏమీ కనిపించని మంచులో, గాలాన్ని లోతుకు దించే రెండు డౌన్‌రిగ్గర్ల సీసపు గుండ్లనూ 45 అడుగులకు దింపి గంటకు మూడు మైళ్ల వేగంతో నడుపుతున్నాను. అలారం మోగింది. చూస్తే ఉత్తరం నుంచి ఒక కంటైనర్ ఓడ వస్తోంది. ఇద్దరమూ ఇలాగే సాగితే తొమ్మిది నిమిషాల్లో మా మధ్య మిగిలే దూరం నాటికల్ మైలులో పదో వంతు. కూత అప్పటికింకా నా చెవిన పడలేదు. తీగలు చుట్టి, గాలాలు పైకి తీసి, ఒడ్డు వైపు తిప్పి, ఫ్లాస్కులోని టీ పోసుకునేంత తీరిక దొరికింది. కాసేపటికి ఓడ కనిపించకుండానే దాటిపోయింది. దాని ఇంజను అదురు మాత్రం పడవ అడుగున కాళ్లకు తెలిసింది, ఆ వెనుక అది లేపిన అలలు ఒకటొకటిగా వచ్చి పడవను ఊపాయి. ఆ ఏడాది నాకు ఎదురుపడ్డ ప్రతి వేటగాడికీ ఈ కథ చెప్పాను. ముగ్గురి చేత ఇదే రేడియో కొనిపించాను కూడా.

అప్పట్లో నేను చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. అలారం అవసరానికి మించి మోగుతుంది. ఎడ్మండ్స్, కింగ్‌స్టన్ మధ్య ఫెర్రీలు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఆ దారికి దగ్గరగా గాలం వేస్తే, మనకు ఏ ప్రమాదమూ తలపెట్టని ఫెర్రీ మలుపు తిరిగిన ప్రతిసారీ రేడియో గగ్గోలు పెడుతుంది. హెచ్చరిక దూరాన్ని మొదట అర మైలుకు, తరువాత పావు మైలుకు తగ్గించాను. ఆ పైన నాకు తెలియకుండానే ఒక అలవాటు పడింది: ఏ చప్పుడు వచ్చినా, తెర వైపు చూడకుండానే బొటనవేలితో బటన్ నొక్కి నోరు మూయించడం.

నాలుగో సెప్టెంబరులో ఆ అలవాటుకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. ఆ రోజు నా భార్య కూడా పడవలో ఉంది. మంచు మరీ దట్టంగా లేదు, ఓ 100 గజాల వరకు కనిపిస్తోంది. బయలుదేరిన గంటకు రేడియో రెండుసార్లు కూసింది, నేను అలవాటు ప్రకారం రెండుసార్లూ నొక్కేశాను. తరువాత తెర ఎంతో ప్రశాంతంగా ఉండిపోయింది. వలయం మధ్యలో మేము, చుట్టూ శూన్యం. ఇవాళ ఓడల రద్దీ లేదని సంతోషించాను. 14వ ఛానెల్‌లో ఓడల రాకపోకలను నియంత్రించే కేంద్రం మాటలు గణగణమని వినిపిస్తూనే ఉన్నాయి కనుక రేడియో మీద అనుమానం రాలేదు. పక్కనున్న చార్ట్ ప్లాటర్ మేమున్న చోటును సరిగ్గానే చూపుతోంది కనుక జీపీఎస్ మీదా రాలేదు.

ఇంతలో కుడివైపు గాలపు కర్ర వంగింది. ఇక్కడ కొవ్వు రెక్క కత్తిరించి ఉన్న చేపను, అంటే హేచరీలో పెంచి వదిలినదాన్ని మాత్రమే ఉంచుకోనిచ్చే రోజులు ఎక్కువ. ఉంచుకోకూడని సాల్మన్‌ను పడవలోకి ఎక్కించడమే తప్పు. అందువల్ల ఇద్దరమూ అంచు మీదికి వంగి, నీటిలో మెలికలు తిరిగే చేప వీపు మీద ఆ చిన్న రెక్క ఉందో లేదో పోల్చుకునే పనిలో పడ్డాం. ఎక్కడో కూత వినిపించింది. తెర వైపు చూశాను, ఏమీ లేదు, దూరాన ఏదో పోతోందనుకున్నాను. రెండోసారి వినిపించినప్పుడు ఆవిడ తల ఎత్తి, "ఏమండీ, ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. అది దేన్నో లాగుతున్న టగ్గు," అంది. పడవ నడిపేవాళ్ల కార్డు కోసం ఆ వేసవిలోనే పరీక్ష రాసింది. నేను రాసి ఏడేళ్లయింది.

టగ్గుకూ బార్జీకీ మధ్య నీటిలో మునిగి సాగే ఉక్కు మోకు ఉంటుంది. టగ్గు దాటిపోయింది కదా అని వెనుక నుంచి అడ్డంగా వెళ్లినవాడి గతి చెప్పనక్కరలేదు. ముల్లు లేని గాలం కనుక చేపను నీటిలోనే ఒక్క విదిలింపుతో వదిలేశాం, దాని రెక్క సంగతి తేలనేలేదు. ఆవిడ గ్యాస్ హారన్ మోగిస్తుండగా నేను సీసపు గుండ్లు పైకి లాగి, కూత వచ్చిన దిక్కుకు వీపు పెట్టి పశ్చిమానికి నడిపాను. కొద్ది నిమిషాలకు మేము అంతకుముందున్న వైపే మంచులో టగ్గు దీపాలు మసకగా కదిలాయి. ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. అంతా అయిపోయిందనుకున్నాక, తుప్పు రంగు గోడలా బార్జీ వచ్చి పోయింది. అంతటి టగ్గు ఏఐఎస్ ప్రసారం చేయక తప్పదు, చేస్తూనే ఉండి ఉంటుంది. నా తెర మాత్రం అప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చి విప్పి చూస్తే లోపం రెండు సన్నటి తీగల దగ్గర తేలింది. నా రేడియోలో సొంత జీపీఎస్ లేదు, ప్లాటర్ నుంచి తీగ ద్వారా స్థానాన్ని తీసుకుంటుంది. ఆ అతుకు ఉప్పు గాలికి పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది. తానెక్కడుందో తెలియని రేడియో ఇతర ఓడలు తనకెంత దూరంలో ఉన్నాయో లెక్క కట్టలేదు, అందుకే ఏ ఓడనూ గీయలేదు. నేను చూడకుండా నొక్కేసిన ఆ రెండు కూతలూ "స్థానం అందడం లేదు" అన్న హెచ్చరికలే. అతుకు వేసింది నేనే గనుక ఆ తప్పు నాది. కానీ ఓడలు లేని తెరనూ, ఓడలను చూపలేని తెరనూ ఒకే తీరుగా చూపించి, తేడా అంతా మూలన రెండు చిన్న గీతలకు వదిలేసిన తయారీదారు మీద నా కోపం ఇప్పటికీ తీరలేదు. ఏ ప్రమాదమూ తలపెట్టని ఫెర్రీ కోసం అంత అరిచే యంత్రం, తాను గుడ్డిదైనప్పుడు ఇంకొంచెం గట్టిగా అరవవద్దా?

కొత్త తీగలు వేసి, అతుకులకు గ్రీజు పట్టించి, వాటి మీద వేడికి బిగుసుకునే గొట్టాలు తొడిగాను. ఇప్పుడు ఎవరెట్ రేవులో పడవ నీటిలోకి దిగగానే ముకిల్టియో ఫెర్రీ తెర మీద కనిపిస్తోందా అని చూస్తాను. అది కనిపించని రోజు మంచులోకి పోను. ఇక పొసెషన్ బార్ మీద సెప్టెంబరు శనివారం ఉదయం చేరే పడవల్లో నాలాంటివి దాదాపుగా ఏవీ సంకేతాలు పంపవు కనుక వాటిని పసిగట్టడానికి మన చెవులూ కళ్లూ తప్ప వేరే ఉపాయం లేదు. మొదట్లో ఈ రేడియో "అన్నిటినీ" చూపిస్తుందని ముగ్గురికి చెప్పానే, ఆ మాటను వాళ్ల దగ్గర విడివిడిగా సరిదిద్దుకున్నాను.

కొనవచ్చా అంటే, జూలై మధ్యాహ్నాల్లో తీరం వెంబడి తిరిగేవారికి ఇది దండగ ఖర్చే. రాడార్ ఉన్నవారు నాకన్నా వేరుగా చెబుతారు, వాళ్ల మాటా నిజమే కావచ్చు. సెలవు దొరికేదే వారాంతంలో, చేప దొరికేదే తెల్లవారుజామున అయిన నాబోటివాడికి ఇది లేకుండా సెప్టెంబరులో వెళ్లే ధైర్యం లేదు. అయితే మళ్లీ కొనవలసి వస్తే లోపలే జీపీఎస్ ఉన్నదాన్ని తీసుకుంటాను. ఆ రోజు ఎప్పుడో రావచ్చు, ఎందుకంటే ఐదేళ్లుగా నా బొటనవేలు నొక్కీ నొక్కీ అలారం ఆపే బటన్ మీది రబ్బరు చీలిపోయింది.