‘హాలోవీన్’ 4కె డిస్కు: ఒక గుమ్మంలోని చీకటి కోసం

జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ కథ ఇక్కడ మళ్లీ చెప్పను. తెల్ల ముసుగు, వంటింటి కత్తి, పక్కింటి పిల్లలకు కాపలా ఉండే అమ్మాయి, ఈ మూడూ భయం సినిమాలు చూసేవాళ్లకు కంఠతా వచ్చినవే. డిస్కు పెట్టె వెనక అచ్చేసిన వివరాల జోలికీ పోను. ఈ డిస్కు కొన్నదీ, దాని కోసం ఇంట్లో టీవీతో ఇన్నాళ్లు కుస్తీ పట్టిందీ ఒకే ఒక షాటు కోసం. కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

సినిమా చివరి భాగంలో లారీ, అంటే జేమీ లీ కర్టిస్, ఎదురింటి మేడ మీది పడకగదిలో స్నేహితుల శవాలు చూస్తుంది. నోట మాట రాక వెనక్కి వెనక్కి నడిచి, బయట ఒక గుమ్మం పక్కన గోడకు చేరగిలబడి ఏడుస్తుంది. ఆ గుమ్మం లోపల చీకటి. మన చూపంతా ఆమె ముఖం మీదే ఉంటుంది. కాసేపటికి ఆమె పక్కనున్న నలుపులో ఒక లేత మరక తేలుతుంది. అది మెల్లగా కళ్ల గుంతలవుతుంది, ముక్కవుతుంది, ముసుగవుతుంది. హంతకుడు మైకేల్ ఎక్కడి నుంచో నడిచి రాలేదు, ఏ తలుపూ తెరుచుకోలేదు. ఆమె అక్కడికి చేరకముందు నుంచే అతను ఆ గదిలో నిలబడి ఉన్నాడు, మన కళ్లకే ఆలస్యంగా తెలిసింది. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ ముసుగు మీద పడేలా ఒక చిన్న దీపం పెట్టి, దాన్ని డిమ్మరుతో కొద్దికొద్దిగా పెంచాడు. అంతే, మరో గారడీ లేదు. 1978లో, సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన సినిమాలో ఒక దీపానికీ ఒక మీటకూ అయిన ఖర్చు ఎంతుంటుంది?

ఈ సినిమాను కర్నూలులో చాలా ఏళ్ల క్రితమే చూశాను కానీ ఈ షాటును చూడలేదు. రాజ్‌విహార్ వైపు ఒక అద్దె దుకాణం మూసేస్తున్నప్పుడు చవకగా అమ్మిన వీసీడీ అది. వీసీడీ బొమ్మ అంటే అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. నలుపు ఉండాల్సిన చోటల్లా బూడిదరంగు గళ్లు కదులుతూ ఉండేవి. ముసుగు తేలిందో, గళ్లే కదిలాయో చెప్పడం కష్టం. అంతకన్నా పెద్ద అన్యాయం మరొకటి ఉంది. కార్పెంటర్ ఈ సినిమాను పనావిజన్ వెడల్పులో తీశాడు. మైకేల్ పట్టపగలు పొద పక్కన, కారు వెనక, ఆరేసిన బట్టల నడుమ, ఎక్కువసార్లు చట్రం చివరనో దూరంగానో నిలబడి ఉంటాడు. మా వీసీడీ తయారుచేసినవాళ్లు పాత టీవీకి సరిపడేలా బొమ్మను రెండు వైపులా నరికేశారు. చట్రం చివర లేకపోతే ఆ చివర నిలబడ్డ మనిషి ఎక్కడుంటాడు? సగం సన్నివేశాల్లో హంతకుడే లేని హంతకుడి సినిమా చూశాం మేము. అందుకే మా బృందంలో దీనికి ‘ఉన్నట్టుండి దూకే సినిమా’ అన్న పేరు పడింది. నిజానికి ఇతను దూకడు, నిలబడతాడు. ఆ వీసీడీల పెట్టె 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పాతబస్తీ మీదికి వచ్చినప్పుడు మా కింది గదితో పాటే నీళ్లలో పోయింది. ఆ వరదలో పోయినవాటిలో నేను బాధపడని వస్తువు బహుశా అదొక్కటే.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది అసలు నెగటివును 4కెలో, అంటే మామూలు బ్లూరే కన్నా చాలా ఎక్కువ చుక్కలతో స్కాన్ చేసి, కండీ ఆమోదంతో 2021లో వెలువరించిన డిస్కు. అమెరికాలో ఉన్న బంధువు సెలవులకు వస్తూ పెట్టెలో తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో గేమ్ కన్సోల్ ఉంది కాబట్టి ప్లేయర్ విడిగా కొనే పని పడలేదు. పెట్టగానే మొదట వచ్చేది నల్లటి తెర మీద వెలిగే గుమ్మడికాయ, పక్కన నారింజరంగు పేర్లు, కెమెరా మెల్లగా ఆ గుమ్మడికాయ కంట్లోకి పోవడం. అప్పటికే అర్థమైంది, ఇది నాకు తెలిసిన సినిమా కాదని. రాత్రి వీధుల్లో నీలం, ఇళ్ల లోపల దీపాల పసుపు వేరువేరుగా నిలిచాయి. ఫిల్ము రేణువులను ఎవరూ తుడిచేయలేదు.

ఇక గుమ్మం దగ్గరికి వచ్చాం. లారీ గోడకు ఆనుకుంది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. తెర కింది భాగంలో ఆమె ఏడుస్తోందని చెప్పే సబ్‌టైటిల్ వచ్చింది. అది వచ్చిన మరుక్షణం గుమ్మం లోపలి చీకటంతా ఒక నిలువు పట్టీలాగా తెల్లబారింది. ముసుగు మొత్తం ఒక్కసారిగా కనిపించింది. సబ్‌టైటిల్ పోయింది, ముసుగూ పోయింది. మళ్లీ సబ్‌టైటిల్, మళ్లీ ముసుగు. నలభై ఏళ్ల కిందట కండీ అంత ఓపికగా తిప్పిన మీట మా ఇంట్లో సబ్‌టైటిల్ చేతికి చిక్కింది.

డిస్కులో లోపమేమోనని ముందు అనుకున్నాను. వేరే సినిమాలు పెట్టి చూశాను. పగటి దృశ్యాల్లో అంతా సవ్యంగానే ఉంది. టీవీ సర్వీసు మనిషిని పిలిపిస్తే, ఆయన వచ్చి, ప్యానెల్ బాగానే ఉందని తేల్చి, ‘ఇంత చీకటిగా ఎందుకు పెట్టుకున్నారు సార్’ అని జాలిపడి, వెలుగును చివరికంటా పెంచి, రంగులు కళ్లలో పొడిచే మోడ్‌లో పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం గుమ్మం లోపలి గోడ రంగు కూడా కనిపించింది.

సంగతేమిటంటే, నా టీవీ మధ్యరకం ఎల్‌ఈడీ. తెర వెనక అంతటా దీపాలు ఉండవు, కింది అంచున ఒక వరుస మాత్రమే ఉంటుంది. చీకటి దృశ్యం వస్తే ఆ వరుసలోని కొన్ని దీపాలను టీవీ తనంతట తానే తగ్గిస్తుంది. దీన్ని ‘లోకల్ డిమ్మింగ్’ అంటారు. నల్లటి చట్రంలో చిటికెడు తెలుపు మాత్రమే ఉంటే, అది చిత్రంలో భాగమని దానికి తోచదు, దీపం ఆర్పేస్తుంది. అదే చోట కింద తెల్లటి అక్షరాలు పడితే ఆ దీపం వెలిగించక తప్పదు, వెలిగిస్తే అక్షరాల పైనున్న నిలువు ముక్క అంతా వెలుగుతుంది. అంటే చీకట్లోంచి నెమ్మదిగా వెలుగు పెరిగే షాటును చెడగొట్టడానికే ఎవరో పనిగట్టుకుని రూపొందించినట్టు ఉంది ఈ ఏర్పాటు. డిమ్మింగ్ పూర్తిగా తీసేస్తే తెర మొత్తం పలచని బూడిదరంగుకు తిరుగుతుంది, వీసీడీ రోజులు గుర్తుకొస్తాయి. చివరికి కుదిరింది ఇలా: డిమ్మింగ్ అన్నింటికన్నా తక్కువ మెట్టులో, సబ్‌టైటిళ్లు లేకుండా, చిత్రం సినిమా మోడ్‌లో, కదలికను నునుపు చేసే సదుపాయమూ రేణువులను తుడిచే సదుపాయమూ రెండూ ఆపేసి. సబ్‌టైటిళ్లు లేకపోతే, మైకేల్‌కు వైద్యం చేసిన డాక్టరు లూమిస్‌గా వేసిన డొనాల్డ్ ప్లెజెన్స్ గొణుగుళ్లు కొన్ని నాకు అందవు. డాక్టరు లూమిస్ చెప్పేదల్లా వాడు మనిషి కాదు, చెడు అనే కదా, పర్వాలేదు అనుకున్నాను.

టీవీ దారికొచ్చాక గదితో పని పడింది. కిటికీ ఎదురుగా మున్సిపాలిటీ వీధి దీపం, మూలన ఇన్వర్టర్ ఎర్రదీపం, బల్ల మీద ఇంటర్నెట్ పెట్టె ఆకుపచ్చ చుక్కలు. వాటన్నిటికీ నల్ల టేపు అంటించాను, కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. ఈ ఏర్పాటు డిసెంబరు, జనవరి నెలల్లోనే సాధ్యం. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో కిటికీ మూసి దుప్పటి కట్టుకుని కూర్చుంటే మైకేల్ అవసరం ఉండదు. కూలర్ పెట్టుకుందామా అంటే దానికి కిటికీ తెరవాలి, ఆ హోరులో లూమిస్ గొణుగుడేమిటి, లారీ కేక కూడా వినపడదు. ఒక చలికాలపు రాత్రి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే అమ్మ తలుపు తీసి, ‘కరెంటు పోయిందా నాయనా?’ అంది. టీవీ నడుస్తోందని చెప్పాను. ‘మరి ఏమీ కనిపించదే’ అంది. కనిపించకపోవడానికే ఇంత డబ్బు పెట్టానని ఆమెకు ఎలా చెప్పను!

అయితే ఆ రాత్రి షాటు వచ్చింది. పక్కన ఉన్నది ఖాళీ గుమ్మమేనని అనుకుని కాదు, ఏముందో తెలిసే చూశాను. అయినా మరక ఎప్పుడు మొదలైందో పట్టుకోలేకపోయాను. చూస్తుండగానే అది అక్కడ ఉంది. ఈ సినిమాలో రక్తం చుక్కల్లో తప్ప కనిపించదు. మా దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరంలో కారే నెత్తురు ముందు ఈ సినిమా మొత్తం శాకాహారమే. భయపెట్టేది ఆ చీకటి పని ఒక్కటే, కాబట్టి చీకటి సరిగ్గా రాని చోట ఈ సినిమాకు పెద్దగా ఏమీ మిగలదు.

కొన్న కొత్తలో కనిపించినవారికల్లా పగటి దృశ్యాలు కూడా కడిగిన ముత్యంలా ఉన్నాయని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించుకుంటాను. కథ జరిగేది ఇల్లినాయ్‌లోని హాడన్‌ఫీల్డ్ అనే కల్పిత ఊళ్లో, అక్టోబరు ఆకురాలు కాలంలో. తీసింది కాలిఫోర్నియాలో, వసంతంలో. ఎండుటాకులకు రంగు పూసి, వీధిలో చల్లి, షాటు అయ్యాక ఏరుకుని సంచిలో వేసుకుని, మరుసటి షాటుకు మళ్లీ చల్లేవారట. పాత డిస్కుల్లో ఆ నిరుపేద తెలివి దాగిపోయేది. ఇందులో కింద గోధుమరంగు ఆకులు, పైన పచ్చగా నిగనిగలాడే చెట్లు, అవతల తాపీగా ఒక తాటి జాతి చెట్టు, అన్నీ తేటతెల్లం. ముసుగు సంగతీ అంతే. అది ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కిర్క్ ముఖంతో రెండు డాలర్లలోపు దొరికిన రబ్బరు ముసుగు, కళ్లు వెడల్పు చేసి తెల్లరంగు కొట్టారు. రాత్రి అది మనిషి కాని ముఖం, పగటి వెలుగులో మాత్రం రంగు పూసిన రబ్బరు. రాత్రి దృశ్యాలకు ఈ డిస్కు ఎంత మేలు చేసిందో పగటివాటికి అంత నిజాయితీగా ద్రోహం చేసింది. నాకు ఆ పచ్చచెట్లు చూస్తే ఆ కుర్రబృందం మీద ప్రేమే పెరుగుతుంది కానీ భయం మాత్రం పెరగదు.

శబ్దం గురించి రెండు మాటలు. ఇందులో శబ్దాన్ని చుట్టూ, పైనుంచి కూడా వినిపించే అట్మాస్ ఉంది, థియేటర్లలో వచ్చిన పాత మోనో, అంటే అంతా ఒకే చోటి నుంచి వినిపించే శబ్దం కూడా ఉంది. నేను మోనోకే కట్టుబడ్డాను. కార్పెంటర్ సొంతంగా కట్టిన ఆ పియానో బాణీ ఐదు లెక్కల మీద నడుస్తుంది. ఆ లయను సంగీతం పాఠాలు చెప్పే తండ్రి చిన్నప్పుడు బాంగోల మీద అతనికి నేర్పాడు. ఖండచాపు అలవాటైన చెవులకు ఐదు వింత కాదు, అయినా ఇక్కడ నాలుగుకు ముగిసిందనుకునేసరికి ఇంకో దెబ్బ మిగిలి ఉండి ఊపిరి తప్పిస్తుంది. నా సౌండ్‌బార్ మీద అట్మాస్ ఆ బాణీని గదంతా పలచగా పరిచింది. మోనోలో అది తెర మధ్య నుంచి, గుమ్మం వైపు నుంచే వచ్చింది. మంచి స్పీకర్లు పైకప్పుకు బిగించుకున్నవారు వేరే మాట చెప్పవచ్చు.

కొనాలా వద్దా అని అడిగేవారికి సూటిగా జవాబు చెప్పలేను. ఓఎల్‌ఈడీ టీవీ ఉంటే, అందులో ప్రతి చుక్కా తనంతట తానే ఆరుతుంది కాబట్టి నేను పడిన తిప్పలేవీ ఉండవు, కొనేయవచ్చు. నాలాంటి టీవీ, వీధి దీపం, వేసవి ఉన్నవారికి మామూలు బ్లూరే చాలకపోదు. వెడల్పు చట్రం అందులోనూ ఉంటుంది, చట్రం చివర మైకేల్ కూడా ఉంటాడు. మరొక చిన్న చికాకు: 4కె డిస్కులకు ప్రాంతాల హద్దు లేదు కానీ మామూలు బ్లూరేలకు ఉంది. అమెరికాది ‘ఎ’ ప్రాంతం, మనది ‘సి’. అదనపు విశేషాల్లో చాలా భాగం పెట్టెలోని మామూలు బ్లూరేలో ఉంది, అది మా కన్సోల్‌లో ఆడదు. తెరవకుండా అలాగే ఉంది. విశేషాల కోసమే కొనేవారైతే ఈ సంగతి ముందే చూసుకోండి.

హైదరాబాదులో ఉండే మా అక్క కొడుకు ఈ మధ్య ఓఎల్‌ఈడీ కొన్నాడు. ‘మామా, ఆ డిస్కు ఒకసారి పంపు’ అంటున్నాడు. డిస్కు ఒంటరిగా రాదని, నాతోనే వస్తుందని చెప్పాను.