రక్త క్యాన్సర్ పరిశోధనకు చందాలు: పరుగా, పాటకచ్చేరీనా, నెలనెలా ఇచ్చే ఐదువందలా?

రక్త క్యాన్సర్ పరిశోధనకు డబ్బు సమకూర్చాలని స్వచ్ఛందంగా ముందుకు వచ్చే చెన్నై తెలుగువారికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. జనవరిలో జరిగే మారథాన్‌లోనో, అలాంటి మరో పరుగులోనో పాల్గొంటూ ఆ పేరు మీద తెలిసినవాళ్ల దగ్గర విరాళాలు పోగుచేయడం మొదటిది. ఉగాదికో సంక్రాంతికో అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి, లేదా తెలుగు సంఘం తరఫున, పాటకచ్చేరి పెట్టి టికెట్ల మీదా సావనీర్ (ఆ సందర్భంగా అచ్చువేసే సంచిక) ప్రకటనల మీదా డబ్బు కూడబెట్టడం రెండవది. కొందరిని ఒప్పించి, నెలనెలా చిన్న మొత్తం వాళ్ల ఖాతాలోంచి నేరుగా పరిశోధన చేసే సంస్థ ఖాతాకు వెళ్లేలా చూడడం మూడవది. మూడింటిలోనూ డబ్బు వస్తుంది. ఏ దారిలో వచ్చిన డబ్బు పరిశోధనకు ఎక్కువ అక్కరకు వస్తుందో తేల్చాలంటే మాత్రం అక్కడ అది దేనికి ఖర్చవుతుందో ముందుగా చూడవలసి ఉంటుంది.

పరిశోధన అనగానే మన కళ్లముందు సూక్ష్మదర్శినులూ పెద్ద యంత్రాలూ మెదులుతాయి గాని, ఖర్చులో పెద్ద భాగం మనుషులదే. కేంద్ర ప్రభుత్వ సంస్థలు జూనియర్ రీసెర్చ్ ఫెలోకు, అంటే పీహెచ్‌డీ చేస్తూ పరిశోధనలో పనిచేసేవారికి, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం ఇస్తున్నాయి. అద్దె భత్యాన్ని పక్కన పెట్టినా ఒక్క ఫెలోకు ఏడాదికి 4,44,000 రూపాయలు కావాలి. పీహెచ్‌డీ ఒక్క ఏడాదిలో అయ్యేది కాదు గనుక ఆ మొత్తం నాలుగైదేళ్ల పాటు ఆగకుండా రావాలి. రోగుల నుంచి తీసిన ఎముక మజ్జ నమూనాలను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలోనో, అంతకంటే చల్లని ద్రవ నత్రజనిలోనో ఏళ్ల తరబడి భద్రపరచాలి, ఆ ఫ్రీజరుకు రాత్రింబవళ్లు కరెంటు ఉండాలి. చికిత్స పూర్తయి ఊరికి వెళ్లిపోయిన పిల్లవాడు మూడేళ్ల తరువాత ఎలా ఉన్నాడో ఫోన్ చేసి కనుక్కుని నమోదు చేయడానికి కూడా జీతం ఇచ్చి ఒకరిని పెట్టుకోవాలి.

ఈ చివరి పని ఎంత విలువైనదో చెప్పే ఉదాహరణ చెన్నైలోనే ఉంది. ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో 1954లో 12 పడకలతో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ముంబయిలోని టాటా మెమోరియల్, ఢిల్లీలోని ఎయిమ్స్ 1980ల మధ్యలో ఎంసీపీ-841 అనే ఒకే చికిత్సా పద్ధతిని లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) రోగులకు అమలు చేయడం ప్రారంభించాయి. పద్నాలుగేళ్ల కాలంలో చికిత్స పొందిన వెయ్యిమందికి పైగా చిన్నపిల్లల, యువకుల ఫలితాలను విశ్లేషించి 2005లో ప్రచురించారు. అందులో వాడినవి చాలావరకు అప్పటికే అందుబాటులో ఉన్న మందులే. వాటిని ఏ వరుసలో, ఎంత మోతాదులో ఇవ్వాలో నిర్ణయించుకుని, దానికి కట్టుబడి, ప్రతి రోగి వివరాన్నీ ఓపికగా రాసిపెట్టుకోవడమే ఆ పనిలో ప్రధానం. ఒక సాయంత్రం వచ్చిన డబ్బుతో అలాంటి పనిని ప్రారంభించవచ్చు గాని పద్నాలుగేళ్లు నడపలేరు. మూడు దారులనూ నేను ఈ దృష్టితోనే తూచాను.

పరుగుకు రక్త క్యాన్సర్‌తో పాత అనుబంధమే ఉంది. తన కూతురికి లుకేమియా వచ్చిన ఒక అమెరికన్ తండ్రి 1988లో 38 మందిని కూడగట్టి న్యూయార్క్ మారథాన్‌లో పరుగెత్తి, లుకేమియా సొసైటీకి 3,22,000 డాలర్లు సమకూర్చాడు. విరాళాల కోసం జట్టుగా శిక్షణ పొంది పరుగెత్తే పద్ధతి ఆ తరువాతే విస్తరించింది. చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఆవరణలో, క్యాన్సర్‌తో ఉండి కూడా నిధుల కోసం పరుగెత్తిన కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ పేరిట క్యాన్సర్ పరిశోధన కోసం పరుగులు జరిగాయి. ఫాక్స్‌కు వచ్చింది ఎముక క్యాన్సరే అయినా ఆ పేరు మీద వచ్చిన డబ్బు పరిశోధనకే వెళ్తుంది.

పరుగులో ఉన్న అసలు బలం, అది అడగడానికి ఒక సందర్భం కల్పిస్తుంది. గుడికి చందా అడిగేటప్పుడు ఏమాత్రం వెనుకాడని మనవాళ్లే జబ్బు పేరు ఎత్తి డబ్బు అడగవలసి వస్తే నోరు పెగలక తడబడతారు. పలానా తారీఖున 21 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను, కిలోమీటరుకు వంద చొప్పున ఇవ్వండి అంటే మాత్రం ఇద్దరికీ మొహమాటం తగ్గుతుంది. ఓఎంఆర్‌లోని ఐటీ కంపెనీలలో కొన్ని ఉద్యోగి ఇచ్చిన విరాళానికి తామూ అంతే మొత్తం జతచేస్తాయి గనుక, ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లను ముందే అడిగి తెలుసుకున్నవారికి ఒక వెయ్యి రెండువేలవుతుంది.

బలహీనతలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. పరుగుకు కట్టే ప్రవేశ రుసుము విరాళం కాదు. అది టీషర్టుకు, పతకానికి, నీళ్ల సీసాలకు, నిర్వాహకుల ఖర్చులకు పోతుంది. "క్యాన్సర్ కోసం పరుగెత్తాను" అని ఫోటో పెట్టినవారిలో రుసుము తప్ప ఇంకేమీ ఇవ్వనివారు, ఎవరినీ అడగనివారు తక్కువేమీ కాదు. నిజంగా అడిగేవారికి మరో చిక్కు ఉంది: మొదటి ఏడాది ఉత్సాహంగా ఇచ్చిన సహోద్యోగులే రెండో ఏడాది చూసీ చూడనట్టు తప్పుకుంటారు, మూడో ఏడాది వాళ్ల పిల్లల బడి నిధికి మీరు ఎంత ఇచ్చారో గుర్తు చేస్తారు. కాబట్టి పరుగు కొత్తవాళ్లను రాబట్టడానికి మంచిదే గాని, పాతవాళ్లను నిలబెట్టుకోవడానికి అంతగా పనికిరాదు.

పాటకచ్చేరి విషయానికి వస్తే, లెక్క కాగితం మీద పెట్టేదాకా అదే అన్నింటికన్నా గొప్పగా కనిపిస్తుంది. హాలు నిండుతుంది, పిల్లలు కూచిపూడి చేస్తారు, పెద్దవాళ్లు ఘంటసాల పాటలు పాడతారు, వేదిక మీద ఒక డాక్టరుగారు పది నిమిషాలు మాట్లాడతారు. ఆ మరునాడు కోశాధికారి ముందు కూర్చుంటే హాలు అద్దె, సౌండు, లైటింగు, వాద్యకారుల పారితోషికం, ఆకు భోజనాలు, ముఖ్య అతిథులకు శాలువాలు, జ్ఞాపికలు, బ్యానర్లు, ఆఖరికి హాలు ఊడ్చినవాళ్లకు ఇచ్చిన బక్షీసు దాకా ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కుతుంది. ఉదాహరణకు టికెట్ల మీద మూడు లక్షలు వచ్చి ఖర్చులు రెండుంపావు అయితే పరిశోధనకు మిగిలేది 75 వేలు, అంటే ఒక ఫెలోకు రెండు నెలల ఉపకారవేతనం. దానికోసం పదిహేనుమంది రెండు నెలల పాటు సాయంత్రాలు ధారపోసి ఉంటారు.

ఈ దారిని నిలబెట్టేది టికెట్లు కాదు, సావనీర్. టి.నగర్ చీరల దుకాణాలూ నగల దుకాణాలూ పాండీబజారు మిఠాయి కొట్లూ సభల సావనీర్లలో ప్రకటన ఇవ్వడానికి దశాబ్దాలుగా అలవాటు పడ్డవే. వాళ్లకది దానం కాదు, వ్యాపార ఖర్చు. పూర్తి పేజీకి బేరమాడినా చివరికి ఇస్తారు. హాలు, భోజనాలు దాతలే భరించి, సావనీర్ డబ్బు మొత్తం విడిగా పరిశోధనకు పోయేలా ముందే తీర్మానం రాసుకున్న కార్యక్రమాన్ని నేను సమర్థిస్తాను. అలా కానిదాన్ని కాలక్షేపమని పిలవడమే నిజాయితీ.

పాటకచ్చేరికి మరొక ఉపయోగం ఉందని ఒప్పుకోవాలి. పరుగెత్తలేనివారు, ఉద్యోగం లేని గృహిణులు, రిటైరైనవారు కూడా చేయి వేయగలరు. పైగా చెన్నై కేంద్రంగా 2009 నుంచి పనిచేస్తున్న దాత్రి వంటి మూలకణ దాతల రిజిస్ట్రీని (రక్త క్యాన్సర్ వంటి జబ్బులున్నవారికి తమ మూలకణాలు ఇవ్వడానికి సిద్ధపడేవారి జాబితాను నడిపే సంస్థను) అదే హాల్లో ఒక బల్ల వేసుకోమనవచ్చు. పద్దెనిమిది నుంచి యాభై ఏళ్ల మధ్య వయసున్నవారు బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనా ఇచ్చి పేరు నమోదు చేసుకుంటారు. కణజాల పోలిక ఒకే ప్రాంతం, ఒకే సముదాయం వారిలో దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి, తెలుగు రోగికి తెలుగు దాతలు ఎక్కువమంది నమోదై ఉండడం మేలు. అది డబ్బు కాకపోయినా ఆ సాయంత్రానికి దక్కిన ఫలమే.

ఒక్క సాయంత్రంతో ఏమీ కాదని నేను అనడం లేదు, చరిత్ర కూడా అలా అనదు. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారు చేయించిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా వ్యాధి తగ్గినట్టు 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఏడాది మే నెలలోనే "జిమ్మీ" అన్న మారుపేరుతో ఒక చిన్న రోగిని రేడియోలో వినిపించిన కార్యక్రమానికి స్పందించి జనం 2,31,000 డాలర్లకు పైగా పంపారు. సుబ్బారావు ఆ ఆగస్టులో కన్నుమూశాడు. ఆ పిల్లవాడి మారుపేరు మీద సాగిన జిమ్మీ ఫండ్ అనే నిధి మాత్రం నేటికీ నడుస్తోంది. ఎందుకంటే ఆ రాత్రి డబ్బు పంపినవాళ్లను అక్కడితో వదిలేయకుండా, బేస్‌బాల్ జట్లనూ సినిమా హాళ్లనూ కలుపుకొని ఏటా మళ్లీ మళ్లీ అడుగుతూ వచ్చారు.

ఇక నెలనెలా చందా. దీనిలో వేదిక లేదు, పతకం లేదు, పేపర్లో ఫోటో రాదు. 74 మంది నెలకు 500 చొప్పున ఇస్తే 37,000 అవుతుంది, అంటే ఒక ఫెలో ఉపకారవేతనం నెల తప్పకుండా అందుతుంది. పెరంబూరులోనో వలసరవాక్కంలోనో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో, బంధువర్గంతో కలిపి, 74 మందిని వెతకడం అసాధ్యం కాదు. వాళ్లు జారిపోకుండా చూసుకోవడమే కష్టం. కార్డు గడువు ముగుస్తుంది, బ్యాంకు ఖాతా మారుతుంది, అయిదో తారీఖున ఖాతాలో డబ్బు ఉండదు, మాండేట్ (నెలనెలా డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు ఇచ్చిన అనుమతి) రద్దవుతుంది. ఇచ్చే మనసు ఉండి కూడా ఆరునెలలుగా ఇవ్వడం లేదన్న సంగతి ఆ చందాదారుకే తెలియదు. అందుకే నెలకొకసారి ఒక మనిషి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. చందాదారుతో ఆ సంభాషణ సాధారణంగా ఇలా ఉంటుంది:

"ఏమ్మా, ఈ నెల నా ఐదువందలు పట్టుకోలేదేమిటి?"

"మీ కార్డు మారిందట కదా బాబాయిగారూ, పాత మాండేట్ పోయింది. కొత్తది పెట్టాలి."

"సరే, ఓటీపీ వస్తే నీకు చెప్తాను, నువ్వే పెట్టేయ్."

"వద్దండీ, ఓటీపీ నాకే కాదు, ఎవరికీ చెప్పకండి. సాయంత్రం అబ్బాయి వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని మీరే నొక్కండి, నేను లైన్లో ఉంటాను."

ఈ ఓపిక ఉన్న మనిషి ఒక్కరు దొరికితే, నా లెక్కలో, ఇరవైమంది పరుగువీరుల కంటే పరిశోధనకు ఎక్కువ మేలు జరుగుతుంది. రోజుల తరబడి సాధన అక్కరలేదు, హాలు బుక్ చేయనక్కరలేదు, ఖర్చు కింద పోయేది ఫోన్ బిల్లు మాత్రమే. సంస్థకు వచ్చే ఏడాది ఎంత వస్తుందో ముందే తెలిస్తే ధైర్యంగా ఒకరిని ఉద్యోగంలోకి తీసుకోగలుగుతుంది. కాబట్టి మూడింటిలో దీనికే నా ఓటు. పరుగును ఏడాదికొకసారి కొత్త పేర్లు ఈ జాబితాలో చేర్చే సందర్భంగా వాడుకోవాలి. సావనీర్ డబ్బు ఫ్రీజరు వంటి ఒక్కసారి కొనే వస్తువులకు సరిపోతుంది. పిల్లల పరీక్షలు, వయసైన తల్లిదండ్రుల వైద్యం మధ్య నెలనెలా సమయం కేటాయించలేనివారు పరుగుతోనే సరిపెట్టుకున్నా తప్పులేదు.

ఫలానా రోగి చికిత్సకు వాట్సాప్‌లో డబ్బు పోగుచేయడాన్ని ఈ పోలికలో చేర్చలేదు. అది అత్యవసరమైన పని, ఎవరూ కాదనలేరు. కానీ అది పరిశోధన నిధి కాదు. రెండింటినీ ఒకే క్యూఆర్ కోడ్ కింద కలిపితే ఇచ్చినవారికి అనుమానం, తీసుకున్నవారికి తలనొప్పి తప్పవు.

ఏ దారి ఎంచుకున్నా కొన్ని నియమాలు మారవు. డబ్బు వాలంటీరు సొంత ఖాతాలోకి రాకూడదు, నేరుగా సంస్థ ఖాతాకే పోవాలి. నగదుగా ఇస్తే రెండువేలు దాటిన విరాళానికి పన్ను మినహాయింపు వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు అసలే లేదు. కాబట్టి "ట్యాక్స్ తగ్గుతుంది" అని అందరికీ ఒకే మాట చెప్పకూడదు. అమెరికాలో ఉన్న మేనల్లుడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే అతని డబ్బు మామూలు విరాళమే. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థ దానికోసం ప్రత్యేకంగా తెరిచిన ఖాతాకే చేరాలి.

సంస్థతో మాట్లాడేటప్పుడు, విరాళం రక్త క్యాన్సర్ పరిశోధన పద్దు కిందే జమ చేస్తామని, ఏడాదికొకసారి ఖర్చు వివరం పంపుతామని కాగితం మీద రాసి తీసుకోవాలి. సాధారణ నిధిలో వేస్తామంటే అదీ మంచి పనికే గాని, మీరు చందాదారులకు చెప్పిన మాట వేరు. నెలనెలా జాబితా చూసే వ్యక్తి ఊరు మారవలసి వస్తే, చందాదారులందరికీ ఆ సంగతి ముందుగా తెలియజేసి, వాళ్ల ఫోన్ నంబర్లు ఎవరికి అప్పగిస్తున్నారో చెప్పి, ఒప్పుకున్నవారివి మాత్రమే ఇవ్వాలి.