ఎనిమిది రోజులు, మూడు హాళ్లు, ఒక టైటిల్

డాలస్ తెలుగువాళ్లకి వాకో అంటే ఆస్టిన్ వెళ్లే దారిలో గ్యాస్ కొట్టించుకునే ఊరు. మాకూ ఇన్నేళ్లుగా అంతే. 2022 ఫిబ్రవరి 26న మొదటిసారి హైవే దిగి ఊళ్లోకి వెళ్లాం, అదీ మా మేనల్లుడి పుణ్యమా అని. వాడు కాన్సాస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు బేలర్ యూనివర్సిటీతో ఆడటానికి వాకో వస్తోంది. "మావయ్యా, ఇదొక్కటీ గెలిస్తే టైటిల్ దాదాపు మాదే. నువ్వు పక్కనే ఉండి వెళ్లకపోతే ఎలా?" అని వారం రోజులు ఫోన్లు.

సంగతేంటంటే, ఈ రెండు యూనివర్సిటీలూ ఆడే లీగ్‌కి (అక్కడ కాన్ఫరెన్స్ అంటారు) బిగ్ 12 అని పేరేగానీ అప్పట్లో అందులో ఉన్నవి పదే జట్లు. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో రెండేసిసార్లు ఆడాలి, ఒకటి సొంత హాల్లో, ఒకటి అవతలివాళ్ల హాల్లో. మొత్తం 18 ఆటలు. ఎక్కువ గెలిచినవాళ్లకే టైటిల్, ఫైనల్ అంటూ ఏమీ లేదు. ఇప్పుడు పదహారు జట్లయ్యాక ఆ లెక్క పోయింది, ఎవరికి ఎవరు రెండుసార్లు తగులుతారన్నది అదృష్టం. ఆ రోజు పొద్దుటికి కాన్సాస్ 12 గెలిచి 2 ఓడింది. బేలర్ 11 గెలిచి 4 ఓడింది. ఆ నెల మొదట్లోనే కాన్సాస్ తన హాల్లో బేలర్‌ని 83–59తో చితక్కొట్టింది కూడా. మావాడి ధీమా అదే.

ఆ ఎనిమిది రోజుల్లో మేం తిరిగినవి వాకో, ఫోర్ట్‌వర్త్, లారెన్స్. కుటుంబంతో వెళ్లేవాళ్లకి మూడింటిలోకీ వాకోయే సుఖం. మేముండే ఇర్వింగ్ నుంచి గంటన్నర పైచిలుకు. డాక్టర్ పెప్పర్ మ్యూజియంకి గంట చాలు. ఆ సోడా 1885లో ఆ ఊళ్లోనే ఒక మందుల షాపులో పుట్టిందట. ఆట జరిగిన ఫెరెల్ సెంటర్ బ్రేజస్ నది పక్కన బంగారు రంగు గుమ్మటంతో దూరం నుంచే కనిపిస్తుంది. పదివేల మంది పడతారు. పై వరసలో కూర్చున్నా బంతి కనబడింది. (బేలర్ 2024లో కొత్త హాలుకి మారిపోయింది కాబట్టి ఇప్పుడు వెళ్లేవాళ్లు ఆ గుమ్మటం దగ్గర ఆగిపోకండి.) తిండి దగ్గరే తేడా కొట్టింది. శనివారం నేను మాంసం ముట్టను, ఆ రోజు శనివారమే. హాల్లో నాచోస్‌తోనే సరిపెట్టుకున్నాను.

ఆట మాత్రం మావాడు చెప్పినట్టు జరగలేదు. బేలర్ 80, కాన్సాస్ 70. ఆ ఒక్క రోజే దేశంలో మొదటి ఆరు ర్యాంకుల జట్లూ ఓడిపోయాయి, ఏపీ ర్యాంకుల చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. ఏపీ అంటే మన రాష్ట్రం కాదులెండి, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ. కారెక్కాక మావాడికి ఈ ఓదార్పు మెసేజ్ పెడితే జవాబు లేదు.

మార్చి 1న కాన్సాస్ ఫోర్ట్‌వర్త్‌లో టీసీయూతో (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) ఆడింది. ఆ రోజు మంగళవారం, మహాశివరాత్రి. మా ఆవిడ ఉపవాసం. "మీరు వెళ్లి రండి, నేను గుడికెళ్తాను" అంది. చివరికి ఇద్దరం కలిసే వెళ్లాం, తను ఒక అరటిపండు, మంచినీళ్ల సీసాతో. సీసా గేటు దగ్గరే ఆగిపోయింది, అరటిపండు లోపలికొచ్చింది. ఆట అయ్యాక ఏక్తా మందిర్‌కి వెళ్లి మిగతా జాగారం అక్కడ చేశాం.

డబ్బు లెక్కన చూస్తే మూడింటిలోకీ ఫోర్ట్‌వర్త్ మేలు. షోల్‌మైయర్ అరీనాలో ఏడు వేల మంది కూడా పట్టరు. పెద్ద జట్టు వచ్చినా టికెట్ మరీ మండిపోలేదు. కోర్టు ఎంత దగ్గరంటే బూట్లు నేల మీద కీచుమనడం వినిపిస్తుంది. పగలు ఖాళీ ఉంటే స్టాక్‌యార్డ్స్‌లో లాంగ్‌హార్న్ ఎడ్లని వీధిలో నడిపించే తంతు చూడొచ్చు. కొమ్ములు బాగున్నాయిగానీ ఒంగోలు గిత్త ముందు ఆ నడక ఏపాటిది? ఆ రాత్రి టీసీయూ 74, కాన్సాస్ 64. ఆ ముందు రోజే బేలర్ టెక్సస్ యూనివర్సిటీని ఓడించి 13–4కి (13 గెలుపులు, 4 ఓటములు) చేరింది. కాన్సాస్ 12–4. వారం క్రితం చేతిలో ఉన్న టైటిల్ జారిపోయేలా ఉంది. కోవిడ్‌తో వాయిదా పడ్డ ఆట ఒకటి మిగిలి ఉండటంతో రెండు రోజుల తేడాలో అదే టీసీయూతో మళ్లీ ఆడాల్సి వచ్చింది. ఈసారి కాన్సాస్ సొంతూరు లారెన్స్‌లో, 72–68తో బతికి బయటపడ్డారు.

అప్పటికి నాకూ పిచ్చి ఎక్కింది. మార్చి 5, శనివారం టెక్సస్‌తో ఆఖరి ఆట. శుక్రవారం సెలవు పెట్టి లారెన్స్ బయల్దేరాం. సుమారు 500 మైళ్లు. ఓక్లహోమా సిటీ, విచిటా దాటాక కాన్సాస్ టర్న్‌పైక్ ఫ్లింట్ హిల్స్ మధ్యనుంచి పోతుంది. ఆ గుట్టల మీద వసంతం మొదట్లో గడ్డిని కావాలనే తగలబెడతారు, కొత్త గడ్డి పశువులకి బాగా వస్తుందని. మన పొలాల్లో కొయ్యకాళ్లు కాల్చడం గుర్తొచ్చింది.

లారెన్స్‌లో గది దొరకలేదు. అరగంట దూరంలో టొపీకాలో ఒక మోటెల్ తీసుకున్నాం, పేరెందుకు గానీ రాత్రంతా హీటర్ రోలు దంచినట్టు మోగింది. పొద్దున్న వాఫుల్ మిషన్ పనిచేయలేదు. టికెట్లదింకో తంటా. రీసేల్ యాప్‌లో ఒక్కోటి నూట నలభై డాలర్లు పోసి కొన్నవి ఆటకి గంటన్నర ముందు దాకా ఫోన్‌లోకి రాలేదు. ఆ గంటలో నా బీపీ ఎంతో అడగొద్దు. దూరం నుంచి వెళ్లేవాళ్లు ఆ వారాంతానికి గది, టికెట్ రెండూ నెల ముందే చూసుకోండి.

మావాడికి ఈ తిప్పలు లేవు, వేరే తిప్పలు. విద్యార్థులు గుంపులు కట్టి హాలు దగ్గర కాపలా ఉంటారు. హాజరు పిలిచినప్పుడు గుంపులో ఒక్కరైనా "ఉన్నాం" అనాలి, లేకపోతే వరసలో చోటు గోవిందా. వీడు వంతులవారీగా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అసైన్‌మెంట్లు అక్కడే చేశాడట.

పొద్దున్న హాలు పక్కనే ఉన్న డెబ్రూస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. ప్రవేశం ఉచితం. జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్‌కి రాసిన 13 నియమాలు, టైపు చేసిన ఆ రెండు కాగితాలే అక్కడున్నాయి. 2010లో వేలంలో 43 లక్షల డాలర్లు పలికాయి. కాన్సాస్ జట్టుకి మొదటి కోచ్ ఆ నైస్మిత్తే. తమాషా ఏంటంటే, గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కాన్సాస్ కోచ్ ఆయనొక్కడే, 55–60.

కాన్సాస్ హాలు ఆలెన్ ఫీల్డ్‌హౌస్ 1955లో కట్టింది, అప్పట్లో 16,300 మంది పట్టేవారు. కుర్చీలు అనుకునేరు, చాలా చోట్ల చెక్క బల్లలే. వెనకవాడి మోకాలు మన వీపులో ఉంటుంది. పైన ఒక పెద్ద గుడ్డ మీద "జాగ్రత్త, ఇక్కడ ఫాగ్ ఉంది" అన్న అర్థంలో రాసి ఉంటుంది. ఫాగ్ అంటే పొగమంచు, పాత కోచ్ ఆలెన్ ముద్దుపేరూ అదే. టెక్సస్ ఆటగాళ్ల పేర్లు చదువుతుంటే విద్యార్థులంతా పేపర్లు మొహాలకి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటించారు. సొంత జట్టు రాగానే ఆ పేపర్లే ముక్కలై పైకి లేచాయి. మా ఆవిడ జడలో రెండు ముక్కలు చిక్కుకున్నాయి.

నలభై నిమిషాలు అయ్యేసరికి స్కోరు సమం. ఐదు నిమిషాలు అదనం. ఆ ఐదు నిమిషాలూ నిలబడే ఉన్నాం, కూర్చుంటే ఏమీ కనపడదు. చివరికి 70–63. గెలుపు ఖాయమయ్యాక "రాక్ చాక్ జేహాక్" అన్న కాన్సాస్ నినాదాన్ని పదహారు వేల గొంతులు నెమ్మదిగా లాగి పాడాయి. గుళ్లో అందరూ కలిసి గోవింద నామాలు అందుకున్నప్పటి హోరే. మా ఆవిడకి మాటలు రాకపోయినా రెండోసారి గొంతు కలిపింది. ఆట అయ్యాక జనం కదల్లేదు. ఆఖరి సంవత్సరం ఆటగాళ్లు ఒక్కొక్కరూ మైకు పట్టుకుని అమ్మానాన్నలకి కృతజ్ఞతలు చెప్పారు. వాకోలో, ఫోర్ట్‌వర్త్‌లో ఇది లేదు. 500 మైళ్లు వచ్చింది దీనికేనేమో అనిపించింది.

అదే రోజు బేలర్ కూడా అయోవా స్టేట్ మీద 75–68తో గెలిచింది. రెండూ 14–4. టైటిల్ చెరి సగం. "ఇంత తిరిగింది సగానికా?" అంది మా ఆవిడ.

ఈ టైటిల్‌తో సంబంధం లేకుండా బిగ్ 12 జట్లకి కాన్సాస్ సిటీలో విడిగా జరిగే టోర్నీకీ మావాడు రమ్మన్నాడుగానీ సెలవులు అయిపోయాయి. ఏప్రిల్ 4న జాతీయ ఫైనల్ ఇంట్లోనే టీవీలో పెట్టాను. సగం ఆటకి నార్త్ కరోలినా 40–25తో ముందుంది. పొద్దున్నే మీటింగ్ ఉందని కట్టేసి పడుకున్నాను. తెల్లారి ఫోన్ చూస్తే మావాడివి ఇరవై రెండు మిస్డ్ కాల్స్. 72–69, కాన్సాస్.