హిరోషిమాలో ఒక రాత్రి ఆగండి, సాన్‌ఫ్రెచ్చే మ్యాచ్ ఉన్న రోజు చూసుకుని

హిరోషిమా అంటే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకటే. ఒసాకాలో పొద్దున్నే షింకాన్‌సెన్ ఎక్కి గంటన్నరలో దిగడం, బాంబ్ డోమ్, మ్యూజియం, మియాజిమాలో నీళ్ళలో నిలబడ్డ ఎర్ర తోరణం, సాయంత్రానికి మళ్ళీ వెనక్కి. నేనైతే ఒక రాత్రి అక్కడే ఉండమంటాను, అదీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ సాన్‌ఫ్రెచ్చే హిరోషిమా వాళ్ళకి హోమ్ మ్యాచ్ ఉన్న రోజు. ఫుట్‌బాల్ పిచ్చి లేకపోయినా పర్లేదు, ఊరి కథ సగం ఈ క్లబ్ వెంట తిరిగితేనే తెలుస్తుంది.

స్టేడియం పేరు ఎడియన్ పీస్ వింగ్, 2024 ఫిబ్రవరిలో తెరిచారు, 28,520 సీట్లు. ఊరి నడిమధ్యలో ఉంది, పక్కనే కోట, డోమ్ దగ్గర్నుంచి పావుగంట నడక. మొదటి వరుసల నుంచి గ్రౌండ్ ఎనిమిది మీటర్లే కాబట్టి కోచ్ కేకలు కూడా వినిపిస్తాయి. నాకు బాగా నచ్చింది సీట్ల వెనక చుట్టూ తిరిగే దారి, అది లోపలివైపు తెరిచే ఉంటుంది, తిండి కోసం లైన్లో నిలబడ్డా ఆట కనిపిస్తూనే ఉంటుంది. నా ముందున్న ఊదారంగు జెర్సీ బామ్మగారు నూడుల్స్ గిన్నె పట్టుకుని, మెడ పక్కకి తిప్పి ఆట చూస్తూ, ఒక్క చుక్క ఒలకకుండా లైన్లో ముందుకి జరుగుతూ పోయారు. టికెట్ జె లీగ్ (జపాన్ ఫుట్‌బాల్ లీగ్) వాళ్ళ ఇంగ్లీష్ సైట్లో దొరుకుతుంది, ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. శాకాహారులైతే మాత్రం బయటే ఏదైనా తినేసి వెళ్ళండి, లోపల ఏం తీసుకున్నా ఏదో రకంగా నీసు తగులుతుంది.

ఇంత మంచి స్టేడియం వీళ్ళకి ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందా అని పాతదాన్ని చూడ్డానికి కూడా వెళ్ళా. ఊరి మధ్యలోని హోందోరిలో అస్త్రామ్ లైన్ రైలు ఎక్కితే అరగంట పైనే, కొండల్లోకి. 1992 ఆసియా కప్ ఫైనల్లో జపాన్ సౌదీని 1-0తో కొట్టి మొదటిసారి కప్పు ఎత్తింది అక్కడే, 1994 ఆసియా క్రీడలు కూడా అక్కడే. కానీ చుట్టూ రన్నింగ్ ట్రాక్, సీట్లు ఎక్కడో దూరంగా, మ్యాచ్ లేని రోజు పోతే ఖాళీ కాంక్రీట్ తప్ప ఏం లేదు. మామూలు టూరిస్టుకి ఇది అనవసరం, వదిలేయండి.

విచిత్రం ఏంటంటే క్లబ్ వైభవం అంతా ఆ కొండ మీదున్న రోజుల్లోదే. 2007లో కింది డివిజన్‌కి పడిపోయి, పెట్రోవిచ్ అనే కోచ్ చేతిలోనే మరుసటేడు తిరిగి పైకొచ్చి, ఆయన వెళ్ళాక 2012లో మోరియాసు హజిమే పగ్గాలు పట్టుకుని 2012, 2013, 2015 అని నాలుగేళ్ళలో మూడు టైటిళ్ళు కొట్టాడు. ఖతార్ వరల్డ్ కప్‌లో జర్మనీని, స్పెయిన్‌ని ఓడించిన జపాన్ కోచ్ ఆయనే, ఆటగాడిగా కూడా ఈ క్లబ్ మనిషే. అంత గెలిచినా ఆ ఏళ్ళలో సగటు ప్రేక్షకులు 18 వేలు దాటలేదు. ఊళ్ళో స్టేడియం కావాలని అభిమానులు సంతకాలు సేకరించారు, పాత బేస్‌బాల్ గ్రౌండ్ స్థలమా, ఓడరేవు పక్కనా, సెంట్రల్ పార్కా అని ఏళ్ళ తరబడి తగువు నడిచి 2019లో పార్క్ అని తేలింది. కొత్తది తెరిచిన ఏడాది రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు గానీ సగటు 25 వేలు దాటేసింది. కప్పులు రప్పించలేని జనాన్ని ట్రామ్ స్టాప్ రప్పించింది, నా లెక్కలో ఇదే ఈ క్లబ్ అసలు కథ.

ఇంకా వెనక్కి పోతే ఇది కార్ల కంపెనీ టీమ్. ఇప్పటి మాజ్దా అప్పట్లో తోయో కోగ్యో, 1938లో పెట్టిన జట్టు, 1965లో దేశవ్యాప్త లీగ్ మొదలవగానే వరసగా నాలుగేళ్ళు వీళ్ళే గెలిచారు. 1968 మెక్సికో ఒలింపిక్స్ కాంస్యం జట్టులో ఆడిన ఒగి అరితాత్సు ఈ కంపెనీ ఉద్యోగే. మాజ్దా మ్యూజియం బాగుంటుంది గానీ ముందే బుక్ చేసుకోకపోతే లోపలికి రానివ్వరు.

టైముంటే మియాజిమా రద్దీ బదులు నినోషిమా ద్వీపానికి పొండి అని గట్టిగా చెప్తా. ఓడరేవు నుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు, టూరిస్టులు దాదాపు ఉండరు. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ జర్మన్ ఖైదీలని ఇక్కడ ఉంచారు, వాళ్ళు 1919 జనవరిలో హిరోషిమా విద్యార్థులతో మ్యాచ్ ఆడి చిత్తుగా ఓడించారు, ఓడిన కుర్రాళ్ళు తర్వాత వీళ్ళ దగ్గరే ఆట నేర్చుకున్నారు. అదే ఏడాది ఆ ఖైదీల్లో ఒకాయన చేసిన బామ్‌కూహెన్ కేక్‌ని అమ్మకానికి పెట్టిన ఎగ్జిబిషన్ భవనమే ఇప్పటి బాంబ్ డోమ్. 1945లో అణుబాంబుకి గాయపడ్డవాళ్ళని వేలల్లో పడవల మీద తీసుకొచ్చింది కూడా ఈ ద్వీపానికే, అందుకని కేక్ ఫోటోల మూడ్‌లో పోకండి.

యోషిదా అనే ఊరికి బస్సులో వెళ్ళడం మాత్రం కొంచెం ఓపికున్నవాళ్ళకే, గంటన్నర ప్రయాణం, తిరుగు బస్సులు తక్కువ. క్లబ్ ట్రైనింగ్ గ్రౌండ్, కుర్రాళ్ళ హాస్టల్ అక్కడే. పైన కొండ మీద మోరి మోతోనారి కోట శిథిలాలు. ముగ్గురు కొడుకులకి మూడు బాణాలు కలిపి ఇచ్చి విరవమన్న దొర ఈయనే, మన కట్టెల మోపు కథే అనుకోండి, ఆ మూడు బాణాలే క్లబ్ గుర్తులో ఉన్నాయి.

బస అయితే స్టేషన్ దగ్గర కాకుండా కామియాచో, హాచ్చోబోరి వైపు చూడండి, మ్యాచ్ అయ్యాక నడిచి వచ్చేయొచ్చు. నేను దిగిన బిజినెస్ హోటల్లో సూట్‌కేస్ తెరవాలంటే మంచం మీదే తెరవాలి, కానీ శుభ్రం, వేడినీళ్ళకి వంక లేదు. ఊరి బేస్‌బాల్ జట్టు కార్ప్ మ్యాచ్ కూడా అదే వారాంతంలో పడితే రేట్లు మండిపోతాయి, రెండు షెడ్యూళ్ళూ చూసుకోండి. 2025 ఆగస్టు నుంచి హిరోషిమా స్టేషన్‌లో ట్రామ్ రెండో అంతస్తులోంచే బయల్దేరుతోంది, కిందకి దిగి వెతుక్కోకండి. ఇంకోటి, 2026 ఆగస్టు నుంచి జె లీగ్ సీజన్ ఆగస్టులో మొదలై మరుసటేడు మే చివర్లోనో జూన్ మొదట్లోనో ముగుస్తుంది, మధ్యలో చలికాలం విరామం, కాబట్టి జూన్, జూలై సెలవుల్లో వెళ్ళేవాళ్ళకి లీగ్ మ్యాచ్ దొరకడం కష్టం.