తంగేడు పూల చాయా, పుంటికూర పూల చాయా: ఏది మేలు?

బతుకమ్మ దగ్గర పడితే నల్లగొండ, పాలమూరు గుట్టలన్నీ తంగేడు పూలతో పచ్చబడతాయి. ఆ పూలనే ఎండబెట్టి ఇప్పుడు ‘షుగర్ తగ్గించే చాయ్’ అని అమ్ముతున్నారు. బీపీ ఉన్న ఇండ్లలోకేమో ఎర్రటి మందారం చాయ్ వచ్చి చేరింది. రెండిట్లో ఏదని అడిగితే, బీపీకైతే నేను ఎరుపు వైపే. షుగర్‌కైతే రెండింటినీ నమ్ముకోవద్దంటాను.

ఎరుపంటే పెరట్లో దేవుడికి కోసే మందారం అనుకునేరు. అది తలకు రాసుకునే నూనెలోకి బాగుంటుంది. బీపీ మీద పరీక్షించింది మన పుంటికూరను (గోంగూరను): పువ్వు రాలాక కాయను చుట్టుకొని ఉండే పుల్లటి ఎర్ర రేకులను. 2010లో అమెరికాలో అచ్చయిన పరీక్షలో బీపీ కాస్త ఎక్కువున్న 65 మంది పాల్గొన్నారు. ఆరు వారాలు రోజుకు మూడు కప్పులు తాగినవాళ్లకు బీపీలో పై అంకె సగటున 7 తగ్గింది. అదే రంగు, రుచి ఉన్న ఉత్త నీళ్లు తాగినవాళ్లకు 1కి కొంచెం పైన. గోలీలు మానేసేంత తగ్గుదలేం కాదు, తీసిపారేసేదీ కాదు. అయితే కూర కోసం చేలో వేసే పుంటికూర కాయలన్నిటికీ ఈ రేకులు కండపట్టవు. దళసరిగా ఉండే ఎర్ర రకమే కావాలి.

తంగేడుకు ఇంత బలమైన సాక్ష్యం లేదు. షుగర్ తగ్గిందన్న పరీక్షల్లో ఎక్కువ భాగం ఎలుకల మీద చేసినవే. పైగా అసలు చిక్కు అది పనిచేస్తేనే: షుగర్ గోలీ వేసుకొని మీద ఈ కషాయం తాగితే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. మూర్ఛకు కార్బమజపైన్ వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఆ మందు రక్తంలో పెరిగినట్టు ఎలుకల్లో తేలింది. ఏరుకొచ్చేవాళ్లకు ఇంకో మాట. పత్తి చేను గట్టున కోస్తే పూలతోపాటు పురుగుమందూ ఇంటికొస్తుంది. పచ్చగన్నేరు పువ్వూ పసుపే, కానీ అది గుండెను ఆపేసే విషం. చెట్టును గుర్తుపట్టలేనివాళ్లు కోయకపోవడమే మంచిది.

మన దిక్కు నీళ్ల సంగతీ చూడాలి. బోరు నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. కషాయం అంటేనే ఇగరబెట్టడం కాబట్టి తంగేడుకు ఈ తిప్పలు ఎక్కువ. పుంటికూర రేకులనైతే పొయ్యి దించిన వేడి నీళ్లలో వేసి, మూతపెట్టి, ఐదారు నిమిషాలకు వడగడితే చాలు. రెండిటికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

ఎరుపుకూ లోపాలున్నాయి. బాగా పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నెలో పెట్టొద్దు. రోజంతా చప్పరిస్తూ కూర్చుంటే పళ్ల మీది పొర అరుగుతుంది. తాగాక నోరు పుక్కిలించాలి. లో బీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే తాగాలి. గర్భిణులకు రెండూ వద్దు. ఇక చక్కెర దండిగా పోసుకొని తాగితే, ఏ పువ్వు వేసినా అది షర్బతే.

తంగేడు వగరు ఇష్టమైతే, మందులేవీ వాడనివాళ్లు ఎప్పుడన్నా ఓ కప్పు పలుచగా తాగొచ్చు. షుగర్ అంకెల కోసమని మాత్రం కొనకండి.